మూడున్నర మిల్లీమీటర్ల వంకర

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎవరైనా నన్ను సలహా అడిగితే కాస్త తటపటాయిస్తాను. ముప్పై ఏళ్ళు కష్టపడి నేర్చుకుని, నలుగురిలో గొప్పగా చెప్పుకుంటూ తిరిగిన నా విద్యే ఒక ఆడగుర్రాన్ని కుంటిదాన్ని చేసింది. అదే విద్య దాన్ని మళ్ళీ నడిపించింది కూడా. నాకు చెప్పుకోవాలని ఉండేది ఈ రెండో సంగతి. మొదటిది దాచి రెండోది ఒక్కటే చెబితే కోతలు కోసినట్టు అవుతుంది కాబట్టి రెండూ చెబుతాను, వినండి.

నేను ఫిట్టర్‌ని. మా నాన్న పోర్టు ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఈ పట్నంలోనే ఉండిపోయారు. నేను ఐటీఐ చదివి ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో చేరి, ఫోర్‌మన్ దాకా ఎదిగాను. ఫిట్టర్‌ని ఎలా తయారుచేస్తారో తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మొదట్లో నెలల తరబడి ఒక ఇనుప దిమ్మ చేతికిచ్చి ఆకురాయితో రాయమంటారు. అన్ని వైపులా చదునుగా రావాలి. మూలమట్టం ఆనించి వెలుతురుకేసి చూస్తే, మట్టానికీ దిమ్మకూ మధ్య సన్నని వెలుగు గీత కూడా కనిపించకూడదు. కనిపిస్తే మళ్ళీ మొదటి నుంచి రాయాలి. అలా తయారైన మనిషికి ఎక్కడ ఏది వంకరగా కనిపించినా చేతులు దురద పెడతాయి. పెళ్ళికి వెళ్ళినా నేను ముందు చూసేది పందిరి గుంజలు నిటారుగా ఉన్నాయా లేదా అన్నదే. ఈ జబ్బుకు మందు లేదని మా ఆవిడ ఏనాడో తేల్చేసింది.

మా వర్క్‌షాపు యజమానికి గుర్రాలంటే పిచ్చి. ఊరి బయట పద్మనాభం వైపు ఆయనకున్న తోటలో తొమ్మిది గుర్రాలను పెట్టి, పిల్లలకు స్వారీ నేర్పే చిన్న బడి నడిపేవారు. అక్కడి మేనేజరు ఉన్నట్టుండి మానేశాడు. యజమాని నన్ను పిలిచి, "అన్ని మెషీన్లని చూసుకున్నావు, తొమ్మిది గుర్రాల్ని చూసుకోలేవా ఏంటయ్యా?" అన్నారు. ఆయనది గోదావరి జిల్లా. మాట ప్రశ్నలాగే ఉంటుంది కానీ అది ఆర్డరు. అప్పటికి నా రిటైర్మెంటుకు ఏడేళ్ళుంది. గుర్రాన్ని దగ్గర నుంచి చూడటం నాకు అదే మొదలు.

ఆ తొమ్మిదింటిలో ఒకటి ఎర్ర రంగు ఆడగుర్రం. అందరూ దాన్ని ఎర్రది అనే పిలిచేవారు. దాని కుడి ముందుకాలు పుట్టుకతోనే మోకాలి కింద నుంచి కాస్త బయటికి తిరిగి ఉంటుంది. చూడటానికి సొంపుగా ఉండదు కానీ అంత నెమ్మదైన గుర్రం మా దగ్గర ఇంకొకటి లేదు. గుర్రమంటే భయపడి ఏడ్చే పిల్లలను ముందు దాని మీదే ఎక్కించేవాళ్ళం. ఏడుపు ఆగేదాకా అది కదలకుండా నిలబడేది.

గుర్రాల మేత, స్నానం అన్నీ చూసుకునే ఆవిడది పక్క ఊరే. యాభై ఏళ్ళుంటాయి. చిన్నప్పటి నుంచి పశువుల మధ్య పెరిగిన మనిషి. తోటలో అందరూ ఆమెను అప్ప, అంటే అక్క, అని పిలిచేవారు, నేను కూడా. ఆమె నన్ను ఫోర్మేన్ బాబు అనేది.

గుర్రానికి గిట్టలు మన గోళ్ళలాగే పెరుగుతూ ఉంటాయి. ఆరు వారాలకోసారి కోసి సరిచేయాలి, అవసరమైతే అడుగున ఇనుప నాడాలు కొట్టాలి. ఆ పని చేసేవాణ్ణి నాల్‌బందు అంటారు. మాకు వచ్చే నాల్‌బందు పాత ఊరి సాయిబు గారు. అరవై దాటిన మనిషి, స్కూటరు మీద రేకుపెట్టెతో వచ్చేవారు. ఆయన పద్ధతి నాకు మొదటి రోజే నచ్చలేదు. వచ్చీ రాగానే గిట్ట పట్టుకునేవారు కాదు. ఒక్కో గుర్రాన్నీ అటూ ఇటూ నడిపించమని అప్పకు చెప్పి, తాను గొంతుకూర్చుని టీ తాగుతూ చూసేవారు. అరగంట అలాగే పోయేది. తర్వాత ఇక్కడింత అక్కడింత కోసి, పెట్టె సర్దుకునేవారు. వర్క్‌షాపులో గడియారం చూసి పని చేయించిన నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి ఆయన పని ముగించాక ఎర్రదాని కుడి ముందు గిట్ట ఎత్తి నా మట్టం ఆనించాను. వెలుగు గీత కాదు, అగ్గిపుల్ల సులువుగా దూరేంత సందు. లోపలి అంచు ఎత్తుగా, బయటి అంచు పల్లంగా ఉంది. ఇదేమిటని అడిగాను.

"దానికి అలగే ఉండాల సార్" అన్నారు సాయిబు గారు.

అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. చేసిన పనికి కారణం చెప్పలేనివాడికి ఆ పని రాదన్నది ఆ రోజుల్లో నా సిద్ధాంతం. నా సిద్ధాంతాలు చాలావరకు అలాంటివే.

కొన్నాళ్ళకు యజమాని స్నేహితుడొకరు ఇంకో నాల్‌బందును పంపారు. ముప్పై ఏళ్ళ మనిషి, పందెపు గుర్రాల దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. తోలు ఆప్రాన్ కట్టుకుని, సంచి విప్పి, అందులోంచి గిట్ట వాలు కొలిచే గేజ్ తీశాడు. డిగ్రీల గుర్తులున్న గేజ్. దాన్ని చూడగానే నా మనసు నిర్ణయం తీసేసుకుంది. మనిషిని చూశానా, పని చూశానా అంటే రెండూ కాదు, గేజ్‌ను చూశాను. ఆ తర్వాత సాయిబు గారు వచ్చినప్పుడు గేటు దగ్గరే ఆపి, అందరూ వింటుండగా, "ఇంక మీరు రానక్కర్లేదండి. మాకు తిన్నగా చేసేవాళ్ళు కావాలి" అన్నాను. ఆయన నన్ను దాటుకుని లోపలికి వెళ్ళి ఎర్రదాని మెడ నిమిరి, స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయారు.

నేను అక్కడితో ఆగలేదు. ఆటోనగర్‌కు వెళ్ళి అలాంటిదే ఇంకా పెద్ద గేజ్‌ను స్టీలుతో చేయించుకొచ్చాను. తొమ్మిది గుర్రాలకూ ఒకటే కొలత, ఒకటే వాలు, అంచులన్నీ ఒకే మట్టం అని కాగితం రాసి గోడకు అంటించాను. కొత్తతను వరసగా ఒక్కో గుర్రాన్నీ చేసుకుంటూ వచ్చి ఎర్రదాని దగ్గర ఆగాడు.

"సార్, దీన్ని ఇలాగే ఒగ్గీద్దామేమో. కాలే పక్కకి తిరిగుంది కదా."

"గేజ్ ఏమంటోంది?"

"గేజ్ ప్రకారమైతే లోపలంచు ఎత్తుంది."

"అయితే తీసెయ్."

పనిలో చేరి మూడు వారాలు కాని మనిషి, ఫోర్‌మన్‌తో ఏం వాదిస్తాడు? తీసేశాడు. నేను మట్టం ఆనించి సూర్యుడికేసి చూశాను. వెలుగు గీత లేదు. ఆ సాయంత్రం నేను ఇంటికి ఎంత సంతోషంగా వెళ్ళానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగో రోజున అప్ప వచ్చింది. "ఫోర్మేన్ బాబూ, ఎర్రదాని సప్పుడు మారిపోనాది."

"ఏం చప్పుడు?"

"గుర్రాల్ని కడిగే సిమెంటు గట్టు మీద నడిపిత్తే నాలుగు కాళ్ళ సప్పుడూ ఒక్కలాగ ఇనబడాల. ఇప్పుడు ఒకటి మెత్తగా పడతంది. ఆ కాలు ఆనించనేకపోతంది."

వానకు సిమెంటు తడిసింది, అందుకే అలా వినబడుతోంది అన్నాను. అప్ప నా ముఖంలోకి ఒకసారి చూసి పనిలోకి వెళ్ళిపోయింది. వారం తిరిగేసరికి చప్పుడు వినక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఎర్రది అడుగడుక్కీ తల ఎగరేస్తూ కుంటుతోంది. పశువుల డాక్టరు వచ్చి చూశారు. చీము లేదు, వాపు లేదు, నరం తెగలేదు, విశ్రాంతి ఇవ్వండి అన్నారు. రెండు వారాలు విశ్రాంతి ఇచ్చినా కుంటు తగ్గలేదు.

కారణం నాకు తెలుసు. ఇనుమైతే ఎక్కువ గీకేసినా వెల్డింగు పెట్టి మళ్ళీ నింపుకోవచ్చు. గిట్టకు వెల్డింగు లేదు. తీసేసింది మళ్ళీ పెరగాలంటే నెలలు పడుతుంది. ఇదంతా తెలిసి కూడా, యజమాని వచ్చి ఎర్రదానికి ఏమైందని అడిగినప్పుడు నేను అన్నది ఇదీ: "వయసు మీద పడిందండి."

దాని వయసు పద్నాలుగు. ముసలిది అనొచ్చు, కాదనొచ్చు. అబద్ధానికి వీలైన వయసు.

యజమాని "అయితే ఉంచి ఏం చేస్తామయ్యా. పెళ్ళి ఊరేగింపులకి గుర్రాలు తిప్పే ఆయనొకాయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఆదివారం రమ్మంటాను" అన్నారు. ఊరేగింపులో నడిచేది మెల్లగానే కాబట్టి కాస్త కుంటినా ఫర్వాలేదన్నాడట ఆయన. మెత్తని మట్టి మీద పిల్లలను మోసిన గుర్రం, ఆ కాలితో, డప్పుల మధ్య తారురోడ్డు మీద గంటలు గంటలు నడవాలి. నేను ఒక్క మాట చెబితే ఆగిపోతుంది. చెప్పలేదు.

ఆ మాటలు అప్ప విన్నది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రోజూ నా టీ గ్లాసు కడిగి పెట్టే మనిషి, గ్లాసు ఉన్నచోటే ఉంచేసింది. నేనే కడుక్కున్నాను. గురువారం పొద్దున్న తనే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబూ, మీరు సదూకున్నోరు. నాకు తెలీక అడుగుతాను. నెల కిందట దానికి వయసు నేదేటి?"

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. ఆ ప్రశ్నంత గట్టిగా ఎవరూ కొట్టలేదు. నేను లేచి, బండి తీసుకుని పాత ఊరికి బయలుదేరాను.

సాయిబు గారికి అక్కడ చిన్న షాపు ఉంది. గుర్రాల పని లేనప్పుడు గేట్లు, కిటికీ గ్రిల్స్ బాగుచేస్తారు. నేను వెళ్ళేసరికి ఒక షట్టరు పట్టీని సాపు చేస్తున్నారు. నన్ను చూసి కూర్చోమన్నట్టు స్టూలు చూపించి, మళ్ళీ పనిలో పడ్డారు. ముప్పావు గంట అలాగే కూర్చోబెట్టారు. న్యాయమే అనుకున్నాను. పని ముగించి, చేతులు తుడుచుకుని అప్పుడు అడిగారు.

"ఎర్రదాని కోసమేనా సార్?"

"మీకెలా తెలుసు?"

"బీచీలో గుర్రాలోళ్ళు అనుకుంటన్నారు. మీ సెప్పులు ఓ పాలి ఇప్పండి."

నాకు అర్థం కాలేదు. అయినా విప్పి ఇచ్చాను. ఆయన కుడిచెప్పు తిరగేసి మడమ చూపించారు. బయటి పక్క బాగా అరిగిపోయి ఉంది, లోపలి పక్క దాదాపు కొత్తగా ఉంది.

"సూడండి, ఒక పక్కే అరిగింది. మీ నడక అలగుంది. ఇప్పుడు రెండో పక్క కూడా కోసేసి సమం సేసేత్తాను. బీచీ దాకా నడిసి సూపిత్తారేటి?"

నేను చెప్పు కోసం చెయ్యి చాచాను, ఆయన ఇవ్వలేదు.

"ఆ రోజు మీరు తిన్నగా సేసేవోళ్ళు గావాలన్నారు. గిట్ట తిన్నగుండాలేటి, నడక తిన్నగుండాలేటి? మంచి కాలున్న గుర్రానికైతే రెండూ కుదురుతాయి. ఎర్రదానికి కుదరదు. దానికి ఒకటే ఇవ్వగలం. నాను నడక ఇచ్చాను. మీరు గిట్ట ఇచ్చారు."

"మరి నేను సందు చూపించినప్పుడే ఇదంతా ఎందుకు చెప్పలేదు సాయిబు గారూ?"

"మీరు అడగనేదు సార్. కొలిచారు."

తప్పు నాదేనన్నాను. కొత్తతను వద్దంటున్నా వినకుండా చేయించానని చెప్పాను, యజమానికి అబద్ధం చెప్పిన సంగతి కూడా చెప్పాను. ఆదివారం బేరగాడు వస్తున్నాడని, గిట్ట పెరిగేదాకా ఆగే వ్యవధి లేదని చెప్పాను. ఆయన చేతిలోని నా చెప్పు మడమ మందం వేళ్ళతో తడిమి చూశారు.

"పోయిన మందం ఇనుముతో ఇవ్వొచ్చు. నాడా ఒక పక్క మందంగా, రెండో పక్క పల్చగా ఉండాల. కానీ నాను కొలిమిలో పెట్టి కొడితే అంత సన్నపు వాలు రాదు. ఎక్కడో మెట్టు పడిపోతాది. మెట్టు పడితే దానికి ఇంకా నొప్పి."

"అది నా పని" అన్నాను. ఆ మాట అంటుంటే నాకు ప్రాణం లేచివచ్చింది.

శనివారం పొద్దున్నే సాయిబు గారు తోటకు వచ్చారు. కొత్తతన్ని కూడా రమ్మన్నాను. వస్తాడో రాడో అనుకున్నాను కానీ, అందరికంటే ముందే వచ్చి నిలబడ్డాడు. సాయిబు గారు తన అలవాటు ప్రకారం ఎర్రదాన్ని నడిపించమని గొంతుకూర్చున్నారు. ఈసారి నేను గడియారం చూడలేదు. ఆయన పక్కనే గొంతుకూర్చున్నాను. అరగంటలో నాకు కనిపించింది ఆయనకు కనిపించిన దానిలో పదో వంతు ఉంటుందేమో, కానీ ఆ గుర్రాన్ని నేను నిజంగా చూడటం అదే మొదటిసారి.

తర్వాత ఆయన డాక్టరు రాసిన మందు తాలూకు అట్టపెట్టె చింపారు. ముక్క మడిచి కుడి గిట్ట లోపలి అంచు కింద పెట్టి, ఎడమకాలు పైకెత్తి పట్టుకున్నారు. బరువంతా కుడికాలి మీద పడగానే ఎర్రది ఉలిక్కిపడి కాలు లాక్కుంది. ఇంకో మడత వేశారు. మళ్ళీ లాక్కుంది. ఇంకో మడత. ఈసారి అది లాక్కోలేదు. బరువు ఆనించి, తల కిందికి దించి, పెద్దగా ఊపిరి వదిలి పెదాలు చప్పరించింది.

"అదిగో, సప్పరించినాది. నొప్పి తగ్గినాది" అంది అప్ప. నెల రోజుల్లో ఆమె ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

సాయిబు గారు ఆ మడత తీసి నా చేతిలో పెట్టారు. "ఇంత." నేను జేబులోంచి వెర్నియర్ తీసి కొలిచాను. మూడున్నర మిల్లీమీటర్లు.

"అంకె నాకు సెప్పకండి. అట్ట మాత్రం పారెయ్యకండి" అన్నారాయన.

కొత్తతను గిట్ట ఆకారాన్ని కాగితం మీద గీసి ఇచ్చాడు. అది పట్టుకుని ఆటోనగర్‌కు వెళ్ళాను. అక్కడ నాతో పాటు పని నేర్చుకున్న మిత్రుడు సొంతంగా గ్రైండింగ్ షాపు పెట్టుకున్నాడు. నేను చెప్పింది విని పగలబడి నవ్వాడు.

"ఏటి బావా, గుర్రాలకి కూడా షిమ్ములేత్తన్నావేటి?"

ఆ మాటకు నేను నవ్వలేకపోయాను. షిమ్ము అంటే పెద్ద మోటార్లు బిగించేటప్పుడు కాలి కింద పెట్టే పల్చని రేకు. మోటారుకు నాలుగు కాళ్ళుంటే ఒక్కోసారి ఒక కాలు కింద ఖాళీ మిగులుతుంది. అప్పుడు మిగతా మూడు కాళ్ళనూ కోసి దానికి సమం చేస్తామా? చెయ్యం. ఖాళీ ఉన్నచోట షిమ్ము పెడతాం. ఈ పని నేను కొన్ని వందల సార్లు చేసి ఉంటాను, ఎంతోమందికి నేర్పి ఉంటాను. మోటారుకు ఇచ్చిన మర్యాద గుర్రానికి ఇవ్వలేదు.

పట్టీ కోసి, కాగితం మీది ఆకారానికి వంచి, మేకులకు ఆరు బెజ్జాలు వేశాం. గ్రైండింగ్ మెషీన్ మీద వాలు పట్టి తీశాక, చివరి పని చేత్తోనే చేయాలి. ఆకురాయి అందుకున్నాను. పావుగంట రాసి, మట్టం ఆనించి చూసుకుని, చక్కగా వచ్చిందని తృప్తి పడ్డాను. అంతలో తెలిసింది, వెలుగు గీత లేదు. అలవాటు కొద్దీ నా చేతులు దాన్ని సమం చేసి పారేశాయి. మిత్రుడు నవ్వీ నవ్వీ స్టూలు మీద కూలబడ్డాడు. రెండోది మొదలుపెట్టాం. ఈసారి మట్టాన్ని అతని చేతికిచ్చి దాచేయమన్నాను. ఆ అట్టమడత మాత్రం పక్కన పెట్టుకుని, వేళ్ళతో తడుముకుంటూ రాశాను. నా జీవితంలో నేను కావాలని వంకరగా చేసిన మొదటి వస్తువు అది. అంత జాగ్రత్తగా తిన్ననిది కూడా ఎన్నడూ చేయలేదు.

ఆదివారం సాయిబు గారు కాలు పట్టుకుంటే కొత్తతను మేకులు కొట్టాడు. ఆరో మేకు మొన వంచుతుండగా యజమాని కారు వచ్చింది, వెనకే మోటారుసైకిలు మీద పెళ్ళి గుర్రాలాయన. అప్ప ఎర్రదాని తాడు కొత్తతని చేతికిచ్చి, తాను సిమెంటు గట్టు దగ్గర మాకు వీపు పెట్టి నిలబడింది. చూస్తే ఆశ మోసం చేస్తుందని కాబోలు. ఎర్రది సిమెంటు మీదికి వచ్చింది. అటు చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చింది.

"నాలుగూ ఇనబడతన్నాయి" అంది అప్ప, ఇటు తిరగకుండానే.

తర్వాత మట్టి మీద చిన్న పరుగు తీయించారు. తల ఎగరేయలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

కానీ చిక్కు అక్కడే వచ్చింది. పెళ్ళి గుర్రాలాయన ముఖం వెలిగిపోయింది. "కుంటిదన్నారు కదండీ. ఇది శుభ్రంగా నడస్తంది. అయితే ఈరోజే ఒట్టుకెళ్ళిపోతాను" అన్నాడు. యజమాని నావైపు తిరిగారు.

"ఇప్పుడు బాగానే నడుస్తోంది కదయ్యా. వయసన్నావు?"

నేను తలూపితే చాలు. ముసలిది, ఏదో ఈ పూటకు నడిచింది, మంచి బేరం వచ్చినప్పుడే వదిలించుకుందాం అని ఆయన ఇచ్చేసేవారు. నా అబద్ధం కూడా దానితో పాటు తోట దాటి వెళ్ళిపోయేది.

"వయసు కాదండి. నేను చేయించిన తప్పు" అన్నాను. గేజ్ సంగతి, మట్టం సంగతి, గోడ మీది కాగితం సంగతి, అన్నీ అందరి ముందూ చెప్పాను. కొత్తతను మధ్యలో ఏదో అనబోయాడు. వద్దని ఆపాను.

యజమాని చివరిదాకా విన్నారు. "ఇతను వద్దన్నాడా?"

"అన్నాడండి."

"అయినా నువ్వే పట్టుబట్టావు."

"అవునండి."

"మరి నాతో వయసన్నావు."

"అన్నానండి. అది రెండో తప్పు."

ఆయన వెళ్ళి ఎర్రదాని కుడికాలు ఎత్తి నాడా చూశారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కాలు దించి, పెళ్ళి గుర్రాలాయన వైపు తిరిగి, "ఏమనుకోకండి, ఇది అమ్మకానికి లేదు" అన్నారు. ఆ తర్వాత నాతో, "గుర్రం పాడైతే కొనడానికి ఈయనున్నాడు. ఫోర్‌మన్ పాడైతే ఎవడు కొంటాడయ్యా? నేనే ఉంచుకోవాలి" అన్నారు.

అందరికంటే ముందు అప్ప నవ్వింది.

ఆ వారమే గోడ మీది కాగితం చింపేశాను. సాయిబు గారు చూడాలి, కొత్తతను కోయాలి, నేను ఆకురాయి పట్టాలి, ఇదీ మా ఏర్పాటు. తొమ్మిది గుర్రాలకూ తొమ్మిది అట్టలు పెట్టాను. దాని గిట్ట ఎలా ఉంటే బాగా నడుస్తుందో అదే దాని కొలత. మెత్తని మట్టిలో తిరిగే ఆరింటికి అసలు నాడాలే అక్కర్లేదని సాయిబు గారు తేల్చారు, తీసేశాం. ఎర్రదానికి మాత్రం ఆరు వారాలకో కొత్త నాడా నేనే చేసి తెచ్చేవాణ్ణి. గిట్ట పెరిగేకొద్దీ ఒక్కోటి ముందుదానికంటే పల్చగా. చివరికి ఒక రోజు సాయిబు గారు నాడా పీకేసి, ఇంక వద్దన్నారు. కింద గిట్ట ఆయన మొదట ఉంచినట్టే, లోపలి అంచు ఎత్తుగా ఉంది. నేను రిటైరయ్యేదాకా మా తోటలో గిట్ట కోత వల్ల ఇంకొక్క గుర్రం కూడా కుంటలేదు. ఈ మాట ఎంతమంది ముందైనా తలెత్తుకుని చెబుతాను. ఎర్రది ఆ తర్వాత చాలా ఏళ్ళు భయపడే పిల్లలను మోసింది. ఇప్పుడు దానికి నిజంగానే వయసు మీద పడింది, ఆ తోటలోనే ఊరికే మేస్తూ తిరుగుతోంది.

మీలో ఎవరికైనా గుర్రాలు చూసే పని పడితే, నాల్‌బందును ఎలా ఎంచుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను. అతని సంచిలో ఏమున్నాయో చూడకండి. వచ్చాక ముందు ఎక్కడ చూస్తాడో చూడండి. గిట్ట కంటే ముందు నడక చూసేవాణ్ణి పెట్టుకోండి. అతను చెప్పకపోతే చెప్పడం రాదనుకోకుండా, అడగండి. గుర్రాల పని కాకపోయినా ఇది పనికొస్తుందనే నా అనుమానం.

రిటైరయ్యాక పొద్దున పూట ఆటోనగర్‌లో మిత్రుడి షాపులో కూర్చుంటున్నాను. మొన్నామధ్య బీచిలో గుర్రాలు తిప్పే మనిషొకడు ఎవరినో వెతుక్కుంటూ లోపలికి వచ్చాడు. చుట్టూ లేతు మెషీన్ల మీద కొలతకు కొలత చూసి పని చేస్తున్న ఇరవై మంది. వాళ్ళ మధ్య నిలబడి గట్టిగా అడిగాడు.

"పాత ఊరి సాయిబు గారు పంపారండి. నాడాలు వంకరగా సేసే మేస్త్రి ఇక్కడే ఉంటారంట. మనూరి మొత్తానికి ఆయనంత బాగా వంకరగా సేసేవోడు ఇంకోడు నేడన్నారు. ఎవరండీ ఆయన?"

మెషీన్ల దగ్గర అందరూ తలెత్తి చూశారు. మిత్రుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నేను లేచి నిలబడి, "నేనే" అన్నాను.